జిడ్డు పద్దు

నా చేతిరాత బావుంటుందని
ఆ పుస్తకం నాకిచ్చారు.
అంతకు ముందు తూకం గదిలో గుమాస్తాని:
గొర్రె మీంచి వచ్చిన మురికి ఉన్ని ఎంత,
కడిగాక మిగిలింది ఎంత.
మధ్యలో పోయింది ఎటు పోయిందో
నా పద్దులో గడి లేదు.

ఊరు దురాస్నో. నది పేరు యీ.
ఒక్క అక్షరం.
పిలవడానికి ఎంత సులువో
మరచిపోవడానికీ అంతే.

మాంటెవిడియో నుంచి యమీలా అనే అమ్మాయి వచ్చింది,
రబ్బరు బూట్లు తనవే తెచ్చుకుంది.
పర్యావరణ నిర్వహణ వ్యవస్థ, అంది.
మూడు మాటలు, ఒక్కోటీ ఉన్ని బేలంత బరువు.
యజమాని ఎచెగోయెన్ గారు
జర్మనీ బేరగాడి ఉత్తరాన్ని
నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని
"కాగితమే కదా, కానివ్వండి" అన్నాడు.

ఆమె అడిగింది ఒకటే:
నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి?
వచ్చే దారి అందరికీ తెలుసు. మీటరుంది, బిల్లుంది.
పోయే దారి అడిగితే
"పోతాయి" అన్నాడు మేనేజరు.
గోడ మీది నక్షాలో రెండు గొట్టాలు.
"మూడోది కూడా ఉంది" అన్నాడు డెల్మీరో,
ఇరవై రెండేళ్ళుగా తొట్టి దగ్గర నిలబడ్డవాడు.
ఎప్పుడూ చెప్పలేదేం?
"ఎప్పుడూ అడగలేదుగా."

బట్టల నీలిమందు పొట్లం కాలవలో విప్పి
అందరం వెనక గేటు దాటి ఒడ్డుకి నడిచాం.
మాతే గిన్నె చేతులు మారుతోంది,
ఒకే పుల్లతో ఒకరి తర్వాత ఒకరం పీలుస్తూ
సెలవునాడు చేపలు పట్టేవాళ్ళలా కూచున్నాం.
పదకొండు నిమిషాలు.
రెల్లు దుబ్బుల కింద నుంచి
నీలం
మెల్లగా, పడుకున్నవాళ్ళని లేపకూడదన్నట్టు
బయటికొచ్చింది.
ఎవరూ మాట్లాడలేదు. ఎచెగోయెన్ గారు
టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ రోజు మొదటి పేజీ రాశాను.

తర్వాత రాసినవన్నీ చెప్పను, విసుగు.
విధానం అనే కాగితం మీద సంతకమైంది,
హాజరు గడియారం పక్కన వేలాడింది.
మూడో గొట్టానికి బిరడా పడింది.
నీళ్ళని గిరగిరా తిప్పి జిడ్డు తీసే యంత్రం వచ్చింది;
దాని ధర విన్న రాత్రి యజమానికి నిద్రలేదట.
పసుపు పచ్చటి జిడ్డు, వెన్నలా, పీపాల్లోకి.
బ్యూనస్ ఐరిస్‌లో క్రీములు చేసేవాళ్ళు
లారీ పంపి కొనుక్కుపోయారు.
ముప్పై ఏళ్ళుగా నదిలో పోసింది ఎంతో
లెక్కగట్టాక
ఆయనకి రెండో రాత్రీ నిద్ర లేదు.
వేడినీళ్ళు మళ్ళీ వాడాం; జామాయిల్ కట్టెల బండ్లు
వారానికి మూడల్లా రెండయ్యాయి.
జర్మనీ బేరం నిలిచింది. ఇప్పుడాయన
"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా" అంటాడు.
అననీ.

ఏప్రిల్‌లో ఓ వరద రాత్రి తొట్టి పొంగింది.
బిరడా తీయమన్నారు. తీశాం.
తెల్లారి మేనేజరు నా బల్ల దగ్గర నిలబడి
పుస్తకం వైపు కాక కిటికీ వైపు చూస్తూ
"వాన కదా, అన్నీ కొట్టుకుపోయాయి" అన్నాడు.
రాశాను. నాలుగు గంటల పది నిమిషాలు.
తీసిన చేయి: మాదే.
నా అక్షరాలు అంత వంకరగా ఎప్పుడూ రాలేదు.
ఆడిట్‌కొచ్చినాయన ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.
ఏమీ అనలేదు. వచ్చే ఏటి బడ్జెట్‌లో
ఇంకో తొట్టి ఉంది.

డెల్మీరో ఇప్పుడు బొత్తాల ముందు కూచుంటాడు,
తొట్టిలో చేతులు పెట్టే పని లేదు.
ఒకప్పుడు ఆ అరచేతులు ఉన్ని జిడ్డుకి
పెళ్ళికొడుకు బుగ్గల్లా ఉండేవి,
అందరం ఏడిపించేవాళ్ళం.
మాకు జూలై అంటే నడిచలికాలం.
ఈసారి వేలి కణుపులు పగిలాయి.
మందుల షాపులో చిన్న డబ్బా కొన్నాడు, సగం రోజు కూలి.
వెనక ఉన్న సన్నక్షరాలు నాచేత చదివించాడు:
నీళ్ళు, మైనం, ఉన్ని జిడ్డు.
నవ్వాడు. నవ్వితే పెదవీ పగిలింది.

పుస్తకం తెరుచుకు కూచున్నాను.
లాభానికో గడి ఉంది. నష్టానికో గడి ఉంది.
ఇది ఎందులో రాయాలో
యమీలాకి ఫోన్ చేసి అడగాలి.